పాస్‌వర్డ్ అడగకముందే తెరుచుకున్న తలుపు



దూరాన ఉన్న కంప్యూటరును ఇంట్లో కూర్చుని నడిపించే సదుపాయమే రిమోట్ డెస్క్‌టాప్. కార్యాలయానికి సెలవైనా పని ఆగకూడదని మనలో చాలామంది దానిని వాడుతున్నాం. పాస్‌వర్డ్ గట్టిదైతే చాలునన్నది మన ధీమా.

2019 మే 14న ఆ ధీమా చెల్లదని తేలింది. విండోస్‌లోని ఈ సదుపాయంలో ఒక లోపం ఉందని, బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం దానిని తమకు తెలియజేసిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. దానికి బ్లూకీప్ అన్న పేరు స్థిరపడింది. విండోస్ 7, అంతకు ముందరి ఎక్స్‌పీ వంటివి దాని బారిన పడ్డాయి. 8, 10 పడలేదు.

పాస్‌వర్డ్ అడగడానికి ముందే రెండు కంప్యూటర్లు తమ మధ్య కొన్ని మార్గాలను కుదుర్చుకుంటాయి. లోపలి వాడుకకే కేటాయించిన ఒక మార్గాన్ని బయటివాడు కోరినా ఈ యంత్రాలు కాదనలేదు. ఆ సందుగుండా దుండగుడు తన ఆజ్ఞలను నడిపించగలడు. పైగా ఈ దాడి ఒక యంత్రం నుండి మరొకదానికి తనంతట తానే పాకగలదు. 2017 మేలో వాన్నాక్రై అలాగే పాకి, బ్రిటన్ ప్రభుత్వాసుపత్రులలో వైద్యానికి అంతరాయం కలిగించింది. అందుకే 2014లోనే మద్దతు ఆపేసిన ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఇచ్చింది. అయినా రెండు వారాల తరువాత చూస్తే, దిద్దుబాటు లేని యంత్రాలు ఇంటర్నెట్‌లో దాదాపు 9 లక్షల 50 వేలు కనిపించాయి. నవంబరులో ఇతరుల యంత్రాలతో క్రిప్టో నాణేలు తవ్వించే దాడులు బయటపడ్డాయి. భయపడినంత ఉపద్రవం మాత్రం రాలేదు.

లోపం తయారీదారుది, భారం వాడేవారిది. ఇది న్యాయం కాదని మేము భావిస్తున్నాం. కొత్త యంత్రానికి సొమ్ము చాలని చిన్న సంఘాలలో పాతదే నడుస్తుంది. అందులో ఉపకార వేతనాల దరఖాస్తులు, ఆధార్ నకళ్లు, కేసు కాగితాలు ఉంటాయి. పోలీసులపై ఫిర్యాదు చేసిన ఒక తల్లి చిరునామా కూడా ఉండవచ్చు. ఆమె దానిని మనకు ఇచ్చింది, మన కంప్యూటరుకు కాదు.

విండోస్ 7కు ఉచిత భద్రతా దిద్దుబాట్లు 2020 జనవరి 14తో ముగిశాయి. అటువంటి యంత్రంలో ఈ కాగితాలు ఉంచరాదు. అవసరం లేనిచోట రిమోట్ డెస్క్‌టాప్‌ను ఆపివేయండి. అవసరమైతే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరవక, వీపీఎన్ ద్వారానే లోపలికి రండి. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ పెడితే పాస్‌వర్డ్ ముందుగానే అడుగుతుంది. అయితే పాస్‌వర్డ్ దొంగిలించినవాణ్ణి అది ఆపలేదు. దిద్దుబాటుకు అది బదులు కాదు. సభ ముగిశాక మీ సంఘం కంప్యూటరు చూసుకునేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న: అందులో ఏ విండోస్ ఉంది?