చదివినది గ్రహించుట, పక్కన కూర్చుండుట
(ప్లాటినం జూబిలీ కృతజ్ఞతా కూటంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ కూటంలో వాక్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను బోధకురాలిని కాను, ఉపాధ్యాయినిని. కనుక చదువు సంగతిగానే విన్నవించుకుంటాను.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపీయుడైన ఒక అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుకుంటుంటాడు. ఫిలిప్పు పరుగున వెళ్లి, చదువుతున్నది బోధపడుతున్నదా అని విచారిస్తాడు. చెప్పేవారు లేనిదే ఎలాగని ఆ అధికారి వాపోతాడు. ఫిలిప్పు రథమెక్కి ఆయన పక్కన కూర్చుంటాడు. అర్థం చెప్పడం ఆ తరువాతి మాట. చెప్పడం కూడా ఆ అధికారి చదువుతున్న చోటి నుండే మొదలుపెట్టాడు. మేము మాత్రం తరగతిలో మేము సిద్ధపరచుకున్న చోటి నుండి మొదలుపెడతాము!

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఇంట తెలుగు, అంగడిలో కన్నడం, కచేరీలో తమిళం. పిల్లవాడు గుణింతం తప్పకుండా పాఠం చదివేస్తాడు, అర్థమడిగితే తల వంచుకుంటాడు. బైబిలులోని గ్రాంథికం అతనికి మరింత దూరం. ఆ గ్రంథం మన భాషలోకి రావడమే ఎంతో ప్రయాసతో జరిగింది. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, డెస్ గ్రాంజెస్ దొరలు ఆనందరాయరు సహాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు కన్నుమూశారు. మూడు సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. సంపూర్ణ బైబిలు 1854 నాటికి గాని రాలేదు. అంత శ్రమపడినది మనం అప్పజెప్పడానికి కాదు.

నేను అప్పజెప్పిన రోజు ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సంఘానికి చెందిన ఒక ఇంట పసివాడు జ్వరంతో పోయాడు. నేను బైబిలు చేతబట్టి వెళ్లి, బిడ్డలను కోల్పోయిన దినాన యోబు పలికిన మాటను ఆ తల్లి ఎదుట గట్టిగా చదివాను. ఆమె ముఖం తిప్పుకున్నది. మూలన ఉన్న అవ్వ, “టీచరమ్మా, ఆ పుస్తకం మూసి రవ్వంతసేపు ఈడ కూసో” అన్నది.

ఆ రాత్రి యోబు గ్రంథాన్ని మొదటి నుండి చదివాను. ఆ మాట యోబు తన దుఃఖంలో తానుగా పలికినది, ఎవరో వచ్చి అతనికి చెప్పినది కాదు. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై మౌనంగా కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉన్నది. నోరు విప్పిన తరువాతనే చెడిపోయింది. వారు తనను గూర్చి యుక్తముగా పలుకలేదని చివరి అధ్యాయంలో దేవుడే కోపగించాడు. ఎవరు, ఎవరితో, ఏ వేళ అన్నారన్నది గ్రహించనివారికి పరిచర్య చేతకాదని అప్పుడు తెలిసింది. వ్యాకరణంలో కర్త ఎవరని పిల్లలను నిత్యం అడిగేదానినే నేను.

మన తెలుగు బైబిలులో పరిశుద్ధాత్మను ఆదరణకర్త అన్నారు. ఓదార్చడానికీ, ఇంటికి వచ్చినవారిని చేరదీయడానికీ మనకు ఆదరణ అన్న మాట ఒక్కటే. ఆ అనువాదకులకు తెలుగింటి మర్యాద బాగా తెలిసి ఉండాలి.

ఆ తరువాత రెండు వారాలు పుస్తకం లేకుండానే వెళ్లాను. చిక్కుడుకాయలు ఒలిచాను, పెద్దపిల్లకు జడ వేసి బడికి తీసుకువచ్చాను. మూడవ వారం ఆ తల్లే ఏదైనా చదవమన్నది. చివరి వరకూ వెలుగు కానరాక చీకటితోనే ముగిసే 88వ కీర్తన నెమ్మదిగా చదివాను.

ఆమె చాలాసేపటికి, “ఇది కూడా అందులో ఉన్నదా, టీచరమ్మా?” అని అడిగింది.