స్వీడన్ అడవిలో పళ్ళు కోసుకోవచ్చు, తెల్ల పుట్టగొడుగు మాత్రం ముట్టొద్దు

మన వైపు తమ్ముళ్ళు చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, స్వీడన్‌లో అడవిలోకి పోయి పళ్ళు తెంపుకుంటే ఎవరూ ఏమనరా?"

ఏమనరప్పా. ఇక్కడ దాన్ని అల్లెమాన్స్‌రెట్టెన్ అంటారు, అంటే అందరి హక్కు. 1994 నుంచి ఈ హక్కు రాజ్యాంగంలోనే ఉంది. అడవి ఎవరిదైనా సరే, నువ్వు నడవచ్చు, ఒక రాత్రి టెంట్ వేసుకోవచ్చు, అడవి పళ్ళు, పుట్టగొడుగులు కోసుకోవచ్చు. పాస్‌పోర్ట్ ఏ దేశానిదని ఎవరూ అడగరు. అయితే ఇంటి పెరట్లోకి పోకూడదు, పంట తొక్కకూడదు, పచ్చి కొమ్మ విరవకూడదు. నేషనల్ పార్కులు, రిజర్వుల్లో రూల్స్ వేరేగా ఉంటాయి, గేటు దగ్గర బోర్డు చదువుకోండి. మన దగ్గర చేను గట్టు మీద సీతాఫలం కోస్తేనే "ఎవర్రా అది" అని కేక వినపడుతుంది కదా, అందుకే మొదట్లో మనకు కొంచెం భయంగానే ఉంటుంది.

జులై, ఆగస్టుల్లో బ్లూబెర్రీ. షాపులో దొరికే లావుపాటి రకం కాదు ఇది. లోపల కూడా నీలమే, తింటే నేరేడు పండు తిన్నట్టు నాలుక, పళ్ళు అన్నీ రంగే. ఆగస్టు చివర నుంచి లింగన్, ఎర్రగా, పుల్లగా. చిన్న సైజు వాక్కాయ అనుకోండి. వానలు పడ్డాక కాంతారెల్ అనే పసుపు పుట్టగొడుగు. ఇక్కడివాళ్ళకు అది బంగారం. స్వీడిష్ ఫ్రెండ్ నీకు ఇంటి తాళమైనా ఇస్తాడేమో గానీ, తనకు కాంతారెల్ యాడ దొరుకుతుందో మాత్రం చెప్పడు. నవ్వకండి, నిజం.

ఇప్పుడు అసలు సంగతి. మనకు చిన్నప్పటి నుంచి కంటికి ఒక అలవాటు ఉంది. వానాకాలంలో పుట్ట దగ్గర మొలిచే తెల్ల పుట్టగొడుగు మంచిది, రంగుది విషం అని. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఇక్కడ అడవిలో తెల్లగా, అందంగా, కింద సంచిలాంటి మొదలుతో నిలబడేది ఒకటుంది, తెల్ల ఫ్లూగ్‌స్వాంప్. అది లివర్‌ను తినేస్తుంది. వండినా, వేయించినా విషం పోదు. ఇంకా ఘోరం ఏమిటంటే, తిన్న వెంటనే ఏమీ కాదు. ఎన్నో గంటల తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది, లోపల మాత్రం పని జరుగుతూనే ఉంటుంది. దీని తమ్ముడే ఇంకొకటి, లేత పచ్చ రంగుది. ఆసియా నుంచి వేరే దేశాలకు పోయినవాళ్ళు దాన్ని మన వరిగడ్డి పుట్టగొడుగు అనుకుని తిని చనిపోయిన కేసులు ఉన్నాయి. ఫోన్‌లో ఫోటో తీసి యాప్ చెప్పిందని తినొద్దు, దయచేసి. తెలిసినవాళ్ళతో పోండి, మొదటి సీజన్ ఒక్క రకమే నేర్చుకోండి. ఎవరైనా తిన్నారని అనుమానం వస్తే వాంతుల కోసం కాచుకుని కూర్చోకుండా 112కి ఫోన్ చేయండి.

ఇంకొకటి, గోమార్లు. మన ఎద్దులకు, కుక్కలకు పట్టేవే, ఇక్కడ గడ్డిలో మనుషుల కోసం చూస్తుంటాయి. కొన్నిటి వల్ల మెదడు వాపు వస్తుంది, స్టాక్‌హోమ్ చుట్టుపక్కల ఆ రిస్క్ ఉంది. దానికి వ్యాక్సిన్ ఉంది, వేయించుకోండి. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకుని నడవండి, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక చూసుకోండి.

ఫ్రెండ్స్ ఇంటికి పోవడం గురించి కూడా అడిగారు. ఎమ్మిగనూరులో తలుపు తీసి ఉంటే లోపలికి పోయి "అత్తా, ఉగ్గాని ఉందా" అంటాం. ఇక్కడ మూడు వారాల ముందు డేట్ ఫిక్స్ చేస్తారు. దాన్ని పొగరు అనుకోవద్దు. చెప్పులు మాత్రం మనలాగే గుమ్మం దగ్గరే విప్పుతారు. నా సలహా, భోజనానికి పిలవడానికి మొహమాటమైతే అడవికి పిలవండి. ఫ్లాస్కులో కాఫీ, నాలుగు బన్నులు, రాతి మీద కూర్చుంటే అదే ఫీకా. ఇంట్లో రెండు ముక్కలు మాట్లాడే మనిషి అడవిలో రెండు గంటలు మాట్లాడతాడు.

అందరికీ ఇది పిక్నిక్ కాదు, అది కూడా చెప్పాలి. ఉత్తరాన, ఎండాకాలంలో, థాయిలాండ్ నుంచి వేలమంది పళ్ళు కోయడానికి వస్తూ వచ్చారు. ఊర్లో అప్పు చేసి టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు చాలామంది. దువ్వెనలాంటి పరికరంతో పొద్దున్నుంచి చీకటి పడేదాకా వంగి కోయడమే. పంట సరిగ్గా లేని ఏడాది అప్పుతోనే తిరిగి పోయినవాళ్ళు ఉన్నారు. దీనికి పేరు మనకు తెలుసు కదా. సుగ్గి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు నుంచి ప్రతి ఏడూ ఇంటికి తాళం వేసి, పిల్లల్ని బడి మాన్పించి గుంటూరు మిరప కోతలకు పోతారే, అదే. సూపర్‌మార్కెట్‌లో ఫ్రీజర్ తెరిచి బ్లూబెర్రీ ప్యాకెట్ చూస్తే నాకు ముందు ఆదోని స్టేషన్‌లో మూటల మీద కూర్చున్నవాళ్ళే గుర్తొస్తారు. అందరి హక్కు అనేది పండు మీదే, కూలీ మీద కాదు.

సరే, లింగన్ పచ్చడి రెసిపీ అడిగారు. వాక్కాయ పచ్చడి లాగానే: పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, కొంచెం బెల్లం. లింగన్ ఊరికే పాడవదు, దాంట్లో సహజంగానే బెంజోయిక్ యాసిడ్ ఉంటుంది. జొన్న రొట్టెలోకి బాగుంటుంది. జొన్న పిండి మాత్రం ఇండియన్ షాపులోనే కొనాలి, అడవిలో దొరకదు. వచ్చే ఎపిసోడ్ చలికాలం కరెంటు బిల్లుల మీద. ఉంటానప్పా.