వణికే చేతికి జాయ్‌స్టిక్కు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

కార్యదర్శిగారు ఈసారి మమ్ము మాట్లాడవలసినదని ఆజ్ఞాపించినారు. మేము కోరాపుట్ స్టేషనులో గుమాస్తాగా పనిచేస్తున్నాము. చదువు మెట్రిక్కుతో ఆగినది. సాహిత్యమును గూర్చి చెప్పే అర్హత లేదు గనుక మా ఇంట్లో ఈ మధ్య జరిగిన ఒక పనిని గూర్చి మనవి చేస్తాము. కంప్యూటరులో యుద్ధ విమానం నడిపే ఆట ఒకటి ఉన్నది; దానికి జాయ్‌స్టిక్కు సర్దిన వైనం ఇది. పండుగ పూట పిల్లల ఆటల గొడవ ఏమిటని అనుకోకండి. ఈ సభలో సునాబెడా ఫ్యాక్టరీవారు చాలామంది ఉన్నారు. వారికిది పరాయి సంగతి కాదు.

మిగ్ విమానాల ఇంజన్లకోసం సునాబెడాలో ఫ్యాక్టరీ 1964లో పెట్టినారు. విమానపు ఒడలు నాసిక్‌లో, లోపలి ఎలక్ట్రానిక్ సామాను హైదరాబాదులో, ఇంజను మన కొండలలో. మా నాన్నగారు శ్రీకాకుళం జిల్లానుండి వచ్చి ఆ ఇంజన్ల పనిలోనే చేరి, అందులోనే రిటైరైనారు. మిగ్ 21 బిస్‌కు బిగించే ఆర్-25 ఇంజన్లు ఆయన చేతిమీదుగా ఎన్ని వెళ్ళినవో లెక్కలేదు. ఆ విమానంలో మాత్రం ఒక్కనాడూ కూర్చున్నవారు కారు. 1963లో మన వైమానిక దళంలో చేరిన మిగ్ 21 నిరుడు, అనగా 2025 సెప్టెంబరు 26న, చండీగఢ్‌లో సెలవు తీసుకున్నది. టి.వి.లో చూస్తున్నంతసేపు ఆయన మాట్లాడలేదు. రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయితో, "దాన్నొకసారి దింపి చూడాలని ఉండేదిరా" అన్నారు. ఎగరవేయాలని కాదు, దింపాలని!

నాన్నగారికి డెబ్బయి దాటినవి. రెండేళ్ళుగా కుడిచేయి వణుకుచున్నది. నిండు గ్లాసు పట్టుకోలేరు. అయినా దసరా బోనసు చేతికి రాగానే మేము సాహసించినాము. డి.సి.ఎస్. వరల్డ్ అను ఆట ఉచితము. దానితో రెండు విమానాలు ఊరకే వస్తవి. మిగ్ 21 బిస్‌ను మాత్రం వేరే కొనవలెను. కొన్నాము. కంప్యూటరు మా బావమరిది ఇచ్చినది, జాయ్‌స్టిక్కు ఒకరు వాడి అమ్మినది.

మొదటి సాయంత్రమే పరాభవం జరిగినది. విమానం తాగినవానివలె ఊగినది, ముక్కు ఒక పక్కకు లాగినది. రెండు నిమిషాలకు నాన్నగారు కర్ర వదలి, "మన వల్ల కాదులే" అని వరండాలోకి వెళ్ళి కూర్చున్నారు. డబ్బు పోయినందుకు కాదు గాని, ఆయన చేతిని నలుగురిలో బయట పెట్టినవారమైనామే అని మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు డ్యూటీ దిగి వచ్చి కారణాలు వెదకినాము. ఇటువంటి చవక జాయ్‌స్టిక్కు లోపల ఉండేది పాత రేడియో వాల్యూము బిరడా వంటి వస్తువే. అరిగిన బిరడా గరగరమన్నట్లే ఇదికూడా చేయి కదపకపోయినా అంకెలు కదుపుతుంది. కర్రను ముందుకూ వెనుకకూ కదిపితే ముక్కు, పక్కలకు వంచితే రెక్కలు, మెలిపెడితే తోక చుక్కాని. వణుకు అన్నిటికంటె మెలికలోనే ఎక్కువగా పడుచున్నది.

అసలు దొంగ వేరొకటి. ఈ ఆట తనకు కనిపించిన ప్రతి పరికరానికీ అడగకుండానే పనులు అప్పగిస్తుంది. మా అబ్బాయి గేమ్‌ప్యాడ్ తగిలించే ఉంచినాడు. ముక్కును కర్రా లాగుచున్నది, ప్యాడూ లాగుచున్నది. ఒకే లైనుమీదికి ఇద్దరు స్టేషను మాస్టర్లు బండి వదలినట్లు! కంట్రోల్సు పేజీలో ప్యాడు గళ్ళు ఖాళీ చేయగానే సగం ఊగు తగ్గినది.

మిగిలినది చేతి వణుకు. దానికి 'డెడ్ జోన్' అని ఒక అంకె ఉన్నది: కర్ర నడిమి స్థానానికి దగ్గరలో ఎంత కదిలినా లెక్కలోకి తీసుకోకూడదో అది చెపుతుంది. మేము అత్యాశకు పోయి అన్నిటికీ 20 పెట్టినాము. వణుకు పోయినది, విమానమూ పోయినది. దింపేటప్పుడు కావలసినవి చిన్న చిన్న కదలికలే గదా! అవన్నీ ఆ చచ్చిన చోటులోనే మునిగిపోయి, దాటగానే ముక్కు ఎగిరిపడుచున్నది. మెలికకు 15 ఉంచి, ముక్కుకూ రెక్కలకూ 4కు దించినాము. బదులుగా 'కర్వేచర్' 25 చేసినాము. దీనితో నడిమిలో కర్ర మందంగాను, చివరలకు పోయేకొద్దీ చురుకుగాను పలుకుతుంది. అందుకని గట్టిగా వంచితే జాగ్రత్త వలెను. ఒకేసారి రెండు అంకెలు మార్చకూడదని అప్పుడు తెలిసినది. ఆఫీసు రిజిస్టరువలె నోటుబుక్కులో తేదీ వేసి వ్రాయసాగినాము.

అన్నిటికంటె మేలు చేసినది కంప్యూటరు కాదు, పీట. బల్లమీది కర్రకు చేయి ఎత్తి పట్టవలసి వచ్చేది. వడ్రంగిచేత పొట్టి పీట చేయించి మోకాళ్ళ మధ్య పెట్టినాము. ముంజేయి తొడమీద ఆనగానే వణుకు సగమైనది.

తుపాకి మీటకు ఏమి పెట్టాలని అబ్బాయి అడిగితే నాన్నగారు "బ్రేకు పెట్టరా" అన్నారు. వాడు నవ్వినాడు. కాని మిగ్ 21కు నిజంగానే చక్రాల బ్రేకు కర్రమీది మీటలోనే ఉంటుంది. నేలమీద మలుపు తిరగాలన్నా అది నొక్కి చుక్కాని తొక్కవలసినదే.

ఇక దింపుట. కాకసస్ పటంలో నల్ల సముద్రం ఒడ్డున బటూమి విమానాశ్రయం ఎంచుకున్నాము. అబ్బాయి రన్‌వే ముందు ఇంజను తగ్గించి ప్రతిసారీ కూలుస్తున్నాడు. నాన్నగారు వెనుకనుండి, "గాలి ఎక్కడిదిరా? ఇంజనుదే గదా!" అన్నారు. ఈ విమానం ఫ్లాపులు పూర్తిగా దించినప్పుడు కంప్రెసరునుంచి గాలి తెచ్చి వాటిమీదుగా ఊదుతుంది. ఇంజను నెమ్మదిస్తే ఆ ఊదు తగ్గి విమానం రాయివలె దిగుతుంది. మళ్ళీ పెంచుదామంటే ఇంజను వెంటనే అందుకోదు. ఇది మేము ఏ పుస్తకంలోనూ చూడలేదు, ఆయన నోట విన్నాము.

సంక్రాంతి సెలవుల్లో ఒకరాత్రి కర్ర ఆయనే పట్టుకున్నారు. గంటకు 300 కిలోమీటర్లు పైబడిన వేగంతో వచ్చి, ఇంజను తగ్గించకుండా ఆనించినారు. విమానం ఒకసారి ఎగిరిపడినది, మళ్ళీ ఆనినది. వెనుక గొడుగు విచ్చుకున్నది. ఆయన వేలు తుపాకి మీటను పట్టే ఉన్నది. రన్‌వే చివర విమానం ఆగినది. మేమెవ్వరమూ మాట్లాడలేదు. మా ఆవిడ వంటింట్లోనుంచి వచ్చి నిలబడినది.

నాన్నగారు తెరను కాసేపు చూచి, "డెడ్ జోన్ నాలుగు ఎక్కువరా అబ్బాయ్. రేపు మూడు చెయ్యి, పుస్తకంలో రాసుకో" అన్నారు.