పెద్ద ఫైలు, సన్న దారి

గద్వాల చీర జరీ అంచు కూడా కనపడాలని పెళ్లిళ్లను 4కేలో తీస్తే, ఫైళ్లు 100 జీబీ దాటడం మామూలే. వాటిని ఇంటి సర్వర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌కు పంపడానికి నెట్ ప్లాన్ పెంచి లాభం లేదు. ఈ కాపీకి ఇంటర్నెట్‌తో పనే లేదు. చూడాల్సింది రౌటర్ వెనక పోర్టు. అది 100 ఎంబీపీఎస్‌దైతే సెకనుకు 11 ఎంబీలకు మించి వెళ్లవు, 100 జీబీకి రెండున్నర గంటలు. అదే గిగాబిట్ అయితే పావుగంట, డిస్క్ అందుకుంటేనే సుమా! వైఫైని ఈ పనికి నేను నమ్మను. 4 జీబీ దాటిన ఫైలు ఎక్కనంటే డిస్క్ ఫ్యాట్32లో ఉందేమో చూడండి. మధ్యలో కరెంటు పోతుందనుకుంటే విండోస్‌లోని రోబోకాపీకి జెడ్ ఆప్షన్ పెట్టండి, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. చివర్లో ఉన్న అప్పగింతలు సర్వర్ నుంచి ఆడించి చూశాకే కెమెరా కార్డు ఖాళీ చేయండి.