నలుపు తెలుపులలో నేలయు నింగియు



రంగులు లేని ఛాయాచిత్రములో కొండయు, చెఱువును, ఆకాశమును ఎట్లు నిలుచుననునది నేటి ప్రసంగవిషయము. ఫోటో తీయుట యనగా మీట నొక్కుటయే గదా, ఇందు ప్రసంగించుట కేమున్నదని కొందఱు తలపవచ్చును. ఇరువదియేండ్ల వయస్సున నేనును అట్లే తలచితిని. దాని ఫలమును ముందుగా చెప్పి పిదప విషయమునకు వచ్చెదను.

1974వ సంవత్సరమున మా గ్రామపు చెఱువుగట్టున నున్న మఱ్ఱిచెట్టును ఫోటో తీసితిని. కెమేరా ఎరవు తెచ్చినది; వేళ మిట్టమధ్యాహ్నము. ఎండ బాగుగా నున్నది గనుక బొమ్మయు బాగుగా వచ్చుననుకొంటిని. మూడేండ్లకు, 1977 నవంబరు 19వ తేదీని ఉప్పెన దివిసీమను ముంచిననాడు, మా యూర వీచిన గాలికి ఆ చెట్టు వేళ్లతో కూలెను. ఆ చెట్టునీడను నలువదియేండ్లు తగవులు తీర్చిన పెద్ద యొకరు కొన్నాళ్లకు మా యింటికి వచ్చి, "నీవు తీసిన బొమ్మ యున్నదట, ఒకసారి చూపుము నాయనా" అని యడిగిరి. చూపితిని. ఆయన దానిని దగ్గఱకు తెచ్చుకొని, దూరముగా జరిపి, మరల దగ్గఱకు తెచ్చుకొని, "చెఱువున్నది, తాటితోపున్నది, మఱ్ఱి యేది నాయనా?" అనిరి.

మఱ్ఱి యున్నది. కాని దాని యాకుల పచ్చయు, వెనుకనున్న తోపు పచ్చయు ఒకే బూడిదవన్నెగా మారి, ఒకదానిలో నొకటి కలిసిపోయినవి. ఆకాశము వట్టి తెల్లకాగితమైనది. చెట్టుక్రింది నీడ మసిగుడ్డవలె నున్నది. మూడింటికిని కారణము నాకు తెలియదు. తెలిసికొనుటకు నాకు చాల కాలము పట్టినది.

మన కన్ను వస్తువులను రంగును బట్టి విడదీయును. ఫిలిము వెలుగు హెచ్చుతగ్గులను మాత్రమే కొలుచును. ఆకుల నడుమ ఎఱ్ఱమందారము మనకు మంటవలె కనబడును. నలుపు తెలుపు ఫిలిముమీద ఆ పువ్వును, ఆ యాకును ఇంచుమించు ఒకే బూడిదయై, పువ్వున్న జాడయే తెలియకపోవచ్చును. ఈ వెలుగు మెట్లనే నేను వన్నె యనుచున్నాను. వన్నెలో భేదము లేనిచో రంగులో నెంత భేదమున్నను బొమ్మకు పనికిరాదు.

పూర్వపు గాజుపలకలు మఱియు నన్యాయము చేసెడివి. అవి నీలికాంతినే గ్రహించును. పచ్చను, ఎఱుపును గుర్తింపవు. నేలకు చాలినంత వెలుగిచ్చునప్పటికి నీలాకాశము తెల్లగా పాలిపోయి మబ్బులు మాయమగును. గుస్తావ్ లె గ్రే యను ఫ్రెంచివాడు 1850ల నడుమ సముద్రమునకొక నెగటివు, ఆకాశమునకొక నెగటివు తీసి, రెంటిని ఒకే కాగితముపై అచ్చొత్తి ఈ చిక్కును తప్పించుకొనెను. 1873లో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు హెర్మన్ వోగెల్ పలకకు కొన్ని రంగుద్రవ్యములు చేర్చినచో పచ్చను గూడ గ్రహించునని కనుగొనెను. 1906 నాటికి ఎఱుపును సైతము గ్రహించు పలకలు అంగళ్లకు వచ్చెను. అయినను నీలిపై పక్షపాతము పూర్తిగా పోలేదు. నా బొమ్మలో ఆకాశము తెల్లబడుటకు ఇదియే హేతువు. ఒక పసుపు అద్దమును కెమేరా కంటికి తొడిగియున్నచో, అది నీలికాంతిని కొంత ఆపి మబ్బును నిలిపెడిది.

ఈ అద్దముల మహిమకు ఒక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్సు అనునాతడు 1927 ఏప్రిల్ 10వ తేదీని బరువైన కెమేరాను, గాజుపలకలను మోసికొని, యోసెమిటీ లోయలో మంచుదారిని ఎక్కి, హాఫ్ డోమ్ అను మహాశిల కెదురుగా నిలిచెను. ఆ శిల లోయ అడుగునుండి సుమారు 4,800 అడుగుల ఎత్తు. అతనికి మిగిలినవి రెండే పలకలు. మొదటిది పసుపు అద్దముతో తీసెను. తీసిన పిమ్మట, ఆ శిలను చూచి తన మనస్సున కలిగిన గాంభీర్యము ఇందు రాదని అతనికి తోచెను. కడపటి పలకకు ముదురు ఎఱ్ఱని అద్దమును తొడిగెను. ఎఱ్ఱనద్దము నీలిని పూర్తిగా అడ్డును. ఆకాశము ఇంచుమించు నల్లనయ్యెను. మంచు తెల్లగనే నిలిచెను. శిల ఆ నలుపుమీదికి లేచివచ్చినట్లయ్యెను. రెండు బొమ్మలకును కొండ ఒక్కటే, నిలిచిన చోటొక్కటే.

తరువాత 1939-40 ప్రాంతమున అతడు ఫ్రెడ్ ఆర్చర్ అను మఱియొక అధ్యాపకునితో కలిసి, కటికనలుపు మొదలు కాగితపు తెలుపు వఱకు వన్నెలను సున్న నుండి పదివఱకు మెట్లుగా విభజించెను. ఒక్కొక్క మెట్టున వెలుగు రెట్టింపు. అయిదవది నడిమి బూడిద. వెలుగును కొలుచు మీటరు ఒక విధమున మూఢురాలు. సున్నపుగోడను చూపినను, గేదెను చూపినను రెంటిని అయిదవ మెట్టుననే నిలుపజూచును. గేదె గేదెవలె నల్లగా నుండవలెనన్నచో మీటరు చెప్పినదానికంటె వెలుగును తగ్గింపవలెను, గోడకు హెచ్చింపవలెను. ఏ వస్తువు ఏ మెట్టున నుండవలెనో నిర్ణయించువాడు మనుష్యుడు. నేటి చేతిఫోనులోని కెమేరాకును ఈ మాట వర్తించును.

1941లో ఒక సాయంకాలము న్యూ మెక్సికో రాష్ట్రపు హెర్నాండెజ్ గ్రామము ప్రక్క దారిని పోవుచు ఆడమ్సు చంద్రోదయమును చూచెను. శ్మశానమునందలి తెల్లని శిలువలపై చివరి యెండ పడుచుండెను. తొందరలో మీటరు దొరకలేదు. చంద్రుని ప్రకాశము చదరపు అడుగునకు 250 క్యాండిళ్లని అతనికి కంఠస్థమై యుండెను. దానిని ఏడవ మెట్టున నుంచి, మనస్సుననే లెక్కకట్టి ఒక బొమ్మ తీసెను. రెండవదానికి సిద్ధపడునంతలో శిలువలపై ఎండ తొలగెను. ఆ బొమ్మ తీసిన సంవత్సరమును అతడే మఱచి పలుమాఱులు పలువిధముల చెప్పెను. చివరకు జ్యోతిశ్శాస్త్రజ్ఞులు బొమ్మలోని చంద్రుని స్థితిని బట్టి గణించి 1941 నవంబరు 1 అని తేల్చిరి. పంచాంగము నెఱిగిన మీకు ఇది వింతగా తోపదు.

ఇక కూర్పు. చట్రమును మూడు పాళ్లుగా విభజింపుమని, గీతల మీదనే ముఖ్యవస్తువు నుంచుమని పుస్తకములు చెప్పును. నాకు ఆ సూత్రమునందు గొప్ప గౌరవము లేదు. కాని నేలయు నింగియు కలియు గీతను సరిగా నడుమ పెట్టినచో బొమ్మ రెండు ముక్కలగుననుట నిజము. మబ్బులు ప్రధానమైనచో గీతను దింపుడు. దుక్కిచాళ్లు ప్రధానమైనచో ఎత్తుడు. రంగు లేని బొమ్మలో కూర్పును వన్నెను విడదీయలేము. నలుపును తెలుపును తాకుచోటికే చూపు ముందుగా పరుగెత్తును. మూలనున్న సున్నపుగోడ ముక్క యొక్కటి చాలును, చెఱువంతటినుండి చూపును లాగికొనుటకు. అందుచే ఏమి చేర్చవలెననుదాని కంటె ఏమి విడువవలెననునది కష్టము. పది యడుగులు ప్రక్కకు జరిగినచో ఆ గోడ తప్పిపోవచ్చును.

వేళ మఱియు ముఖ్యము. మిట్టమధ్యాహ్నమున నీడలు వస్తువుల క్రింద దాగును. ప్రొద్దు వాలినపుడు ప్రక్కనుండి వచ్చు వెలుగుకు ప్రతి చాలును, ప్రతి గట్టును తన నీడను చూపును. శీతకాలపు ఉదయమున మంచు పట్టినపుడు దగ్గఱి చెట్టు నల్లగను, వెనుకతోపు పలుచగను, దాని వెనుకది మఱింత పలుచగను కనబడును. నేను ఆనాడు తెల్లవాఱుజామున లేచి గట్టు తూర్పుకొనకు పోయియున్నచో, మఱ్ఱి తోపునుండి దానంతట అదే విడివడి నిలిచెడిది. ఆ వేళ ఏదో, ఆ చోటు ఏదో మా యూరి పెద్దలందఱకు తెలియును. నేను అడుగలేదు. మీ యూరి చెట్టునో, రేవునో పిల్లలెవరైన ఫోటో తీయబోయినచో, ఏ నెలలో ఏ ప్రొద్దున ఎక్కడ నిలువవలెనో మీరే ముందుగా చెప్పుడు.

1981లో నేను చీకటిగది పని నేర్చుకొంటిని. ఆడమ్సు మొదట పియానో సాధకుడు. నెగటివు స్వరలిపివంటిది, అచ్చు కచేరివంటిది అని అతడు పోల్చెడివాడు. ఆ ధైర్యముతో పాత నెగటివును పైకి తీసితిని. చెట్టుక్రింది నీడలో ఏమియు లేదు. ఫిలిముమీద పడని దానిని ఏ కచేరియు పాడలేదు. అయితే ఎడమవైపున చెఱువునీటికి ఎదురుగా నాలుగైదు ఊడలు వ్రేలాడుచుండెను. వానికిని నీటికిని స్వల్పభేద ముండెను. భేదమును పెంచు కఠినమైన కాగితము తెచ్చి, ఆ భాగమును మాత్రమే పెద్దదిగ చేసి, ఆకాశమునకు కొంత అదనపు వెలుగిచ్చి అచ్చు తీసితిని. పదునొకండవ అచ్చున ఊడలు విడివడినవి. దానిని ఆ పెద్దగారి కిచ్చితిని. ఆయన చాలసేపు చూచి, మూడవ ఊడపై వ్రేలు పెట్టి, "దీనికే మా పిల్లలు ఉయ్యాల కట్టెడివారు" అని, బొమ్మను తమ భాగవతము పుటల నడుమ నుంచుకొనిరి.