చేతిపనియు కానుకయే



సార్వా కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, గింజ ఇల్లు చేరిన పిమ్మట కోనసీమలోని పెక్కు క్రైస్తవ సంఘములలో కోతకాలపు కృతజ్ఞతా పండుగ జరుగును. అమలాపురము వైపునను, రాజోలు వైపునను, కొత్తపేట వైపునను ఆ దినపు శోభ యొక్కటే. గుడి గుమ్మమునకు అరటిచెట్లు, కొబ్బరిమట్టలు కట్టుదురు. బలిపీఠము ముందు ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయల రాసులు, అరటిగెలలు, కంద దుంపలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, పళ్లెములలో గ్రుడ్లు చేరును. ఆరాధన ముగియగానే ఆవరణలో వేలము మొదలగును. గట్టి గొంతుక గల పెద్ద యొకరు వస్తువును పైకెత్తి "ఒకటోసారి, రెండోసారి" అని కేకవేయుచుండగా, చిన్న గుమ్మడికాయ బజారు వెలకు ఎన్నో రెట్లు హెచ్చి పోవును. పాడుకొన్నవారు దానిని తిరిగి సంఘమునకే యిచ్చివేయగా, అదే కాయ రెండవమారు పాటకు వచ్చుటయు కలదు. అచ్చట ఎవ్వరును లాభముకొరకు కొనరు. నవ్వుచు నష్టపోవుటకే కొందురు. ఆ వేలమునకు గల అందమంతయు అదియే.

అయితే ఆ సందడిలో ఒక మూల నిలిచియున్న మనుష్యుని మనము గమనించితిమా? ధాన్యపు బస్తా మీద చేను గలవాని పేరుండును. వంగి ఆ చేను కోసినవాని పేరు దాని మీద లేదు. చెట్టెక్కి దింపు కార్మికుడు దింపిన కాయ, తోట గలవాని కానుకయగును. మన సంఘములలో అనేకులు ఒరుల పొలములలో కూలి చేసికొని బ్రదుకువారే. పంట వారి చేతుల మీదుగా వచ్చును గాని వారిది కాదు. పండుగనాడు వారు తెచ్చునది ఒక కోడియో, నాలుగు గ్రుడ్లో. అదియు లేనివారు వెనుక వరుసలో నిలిచి పాటను వినుచుందురు. వారికి ఈయ మనసులేక కాదు. ఇచ్చుటకు తమ యొద్ద ఏమియు లేదని వారు తలంచుటయే కారణము. ఆ తలంపు సరియైనది కాదని చెప్పుటయే నేటి మా ప్రసంగోద్దేశము.

లేనివాడును ఈయగలడని మన తెలుగు సంఘములు మునుపే యెరుగును. 1912వ సంవత్సరమున దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున ఆ పదవినందిన తొలి భారతీయులైన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు, బీదవాడును దాతయే కావలెనని జీవితాంతము బోధించిరి. అన్నము వండునప్పుడెల్ల గృహిణి పిడికెడు బియ్యము వేరుగా తీసి దాచి, సంఘమునకు తెచ్చి యిచ్చు పద్ధతి వారి మేత్రాసనమున వేళ్లూనినది. అడుగుకొని బ్రదుకు సంఘము కాక, ఇచ్చి బ్రదుకు సంఘము కావలెనన్నది అందలి భావము. పిడికెడు బియ్యమును కానుకగా గ్రహించిన దేవుడు పిడికిలిలోని పనితనమును గ్రహింపడా?

ఇట్టి ఆలోచన నుండి పుట్టినదే సేవల వేలము. అమెరికా దేశమున యూనిటేరియను సంఘములు మొదలుగా అనేక సంఘములలో ఇది ఏటేట జరుగు వేడుక. అచ్చట సభ్యులు వస్తువులతోపాటు తాము చేయగల పనులను కూడ పాటకు పెట్టుదురు. ఒకరు పదిమందికి భోజనము వండి పెట్టుదుమందురు. మరియొకరు పిల్లలకు సంగీతము చెప్పుదుమందురు. వేరొకరు ఒక సాయంకాలము పసివారిని చూచుకొందుమందురు. హెచ్చుపాట పాడినవారు సొమ్మును సంఘమునకు చెల్లింతురు; పని చేయుదునన్నవారు ఆ పనిని వారికి చేసి పెట్టుదురు. సంఘమునకు ధనము చేరును. అంతకంటె ముఖ్యముగా, ప్రతి ఆదివారము ప్రక్కప్రక్కన కూర్చుండియు మాటలాడుకొనని ఇద్దరు, ఒకరి గడప నొకరు త్రొక్కుదురు.

ఇది పరదేశపు ఆచారము గదా, మనకేల యని కొందరు పెద్దలు శంకింపవచ్చును. తొలిపంటను అర్పించుట మోషే ధర్మశాస్త్రమంత ప్రాచీనమే. గాని గుడిని పంటతో నలంకరించి ఆరాధించు నేటి పండుగ రూపము, ఇంగ్లాండు దేశమున కార్న్‌వాల్ సీమలోని మోర్వెన్‌స్టో అను పల్లెలో, రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అను గురువు 1843లో జరిపిన ఆరాధనతో వ్యాప్తికి వచ్చినది. ఒక పల్లెగుడిలో మొదలైన పద్ధతి మన అరటిచెట్ల నడుమకు వచ్చి మనదైనది. కనుక ఏ ఆచారమైనను మనది యగుట, అది పుట్టిన చోటును బట్టి కాక, మన మనసులలో ఇమిడిన తీరును బట్టియే.

వేదాధారము కూడ దీనికి కొరతపడదు. నిర్గమకాండము 35వ అధ్యాయమున ప్రత్యక్ష గుడారపు నిర్మాణమునకు ప్రజలు తెచ్చిన కానుకల వివరము కలదు. బంగారము, వెండి తెచ్చినవారు అందున్నారు. వారితో సమముగా, తమ చేతులతో నూలు వడికి తెచ్చిన స్త్రీలును, బెసలేలు, ఒహోలీయాబు అను పనివారును లెక్కింపబడిరి. యొప్పే పట్టణపు దొర్కా విధవరాండ్రకు బట్టలు కుట్టి పెట్టెనని అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. మన దేశమునకు 1836లో వచ్చి, గోదావరి మండలమున వశిష్ఠకు ఆవలి యొడ్డుననున్న నరసాపురము కేంద్రముగా సువార్త ప్రకటించిన బౌడెన్, బీర్ అనువారును, ఇంగ్లాండులోని బార్న్‌స్టేపుల్ పట్టణము నుండి వచ్చిన సామాన్యులే.

ఇక మన చేతులలో ఏమున్నదో చూతము. కొబ్బరికాయ వలుచుటలో వలుపు కార్మికుని చేతివాటము మనలో ఎందరికున్నది? తాటాకు పందిరి వేయువారు, మట్టలు అల్లువారు, కుట్టుపని నేర్చిన ఆడపడుచులు, విద్యుత్తు పనివారు, ఆటో నడుపువారు మన సంఘములలో కలరు. బండారులంక మగ్గముల నేతయు, ఆత్రేయపురపు పూతరేకులును మన సీమకు పేరు తెచ్చినవి గదా! ఆ రేకులు తీయుట ఎట్లో ఒక పూట నేర్పెదనని ఒక యిల్లాలు ముందుకు వచ్చినచో పాట ఎంతవరకు పోవునో ఊహింపుడు. బ్యాంకు పత్రము వ్రాసి పెట్టుట, పింఛను కాగితములు సరిచూచుట, పదవ తరగతి పిల్లవానికి నెలరోజులు లెక్కలు చెప్పుట, ఇవియు సేవలే.

అయినను, శ్రోతలారా, ఇచ్చట ఒక ప్రమాదమున్నది. దానిని దాచి ఈ పద్ధతిని పొగడుట న్యాయము కాదు. మన డెల్టాలో ముందుగా కొంత సొమ్ము ఇచ్చి మనుష్యుని ఏడాదిపాటు పాలేరుగా కట్టివేసికొన్న రోజులు పెద్దల జ్ఞాపకమున నింకను కలవు. వెట్టిని రూపుమాపుటకు 1976లో పార్లమెంటు ప్రత్యేకముగా చట్టము చేయవలసి వచ్చెను. అట్టి నేలమీద, గుడి ఆవరణలో, ఒక కూలివాని పనికి పాట పాడుట ఎట్లుండును? డబ్బు గలవారు పాడుట, లేనివారు పనిచేయుట, ఇంతియే జరిగినచో అది కృతజ్ఞతా పండుగ కాదు. పాత వెట్టికి కట్టిన క్రొత్త తోరణమగును. కావున ఈ వేలమునకు కొన్ని కట్టుబాట్లు ప్రాణమువంటివి.

మొదటిది: పాటలో పని పేరు చదువవలెనే గాని మనుష్యుని నిలువబెట్టరాదు. "ఒక ఆదివారపు భోజనము" అని కేక వేయవలెను. ఎవరు వండెదరో పాట ముగిసిన పిదప చీటి చూచి తెలిసికొనిన చాలును. రెండవది: తొలి చీట్లు సంఘ పెద్దలవి, గురువుగారిది, ఉపాధ్యాయులవి, చేను గలవారివి కావలెను. అదియు చేతితో చేయు పనియే కావలెను. తోట గల పెద్దమనిషి ఒక ముసలమ్మ పెరడు బాగుచేయుటకు చీటి వ్రాసినచో, వెనుక వరుసలోని కూలివాడు సిగ్గుపడక తన చీటి వ్రాయును. మూడవది: తన యొద్ద పనికి వచ్చువాని సేవను ఆ యజమాని పాడరాదు, ఏ సేవను అప్పుక్రింద జమకట్టరాదు. నాల్గవది: హద్దును ఇచ్చువాడే నిర్ణయింపవలెను. ఎంతసేపు, ఎన్నిమార్లు, సామాను ఎవరిది అన్నది చీటిలో స్పష్టముగా నుండవలెను. నాటి కూలితో నాడు బ్రదుకువాడు ఒక పూటకు మించి ఈయకుండునట్లు పెద్దలే చూడవలెను. ఐదవది: కొబ్బరిచెట్టు ఎక్కుటవంటి అపాయకరమైన పనిని పాటలో చేర్చరాదు. వేడుకకొరకు ఒకని ప్రాణమును పణము పెట్టుట తగదు.

ఏర్పాటు సంగతి కష్టమైనది కాదు. పండుగకు నెలరోజుల ముందు స్త్రీల సమాజమునుండి ఇద్దరు, యౌవనస్థులనుండి ఇద్దరు, పెద్దలలో ఒకరు కూడి ఇల్లిల్లు తిరిగి చీట్లు వ్రాయవలెను. వ్రాయనేరనివారికి వారే వ్రాసి, తిరిగి చదివి వినిపింపవలెను. మొదటి ఏట ఇరువది సేవలు చాలును. ఒక్కొక్కటి 300 రూపాయలకు పోయినను 6,000 రూపాయలగును. తక్కువ ధనముగలవారు నలుగురు కలిసి ఒక పాట పాడుకొనునట్లు వీలుకల్పించినచో, పాట ధనికుల సొత్తు కాకుండును. ఆ సొమ్ము దేనికి వినియోగమగునో పాటకు ముందే ప్రకటింపవలెను. మరుసటి ఆదివారము లెక్క చదివి వినిపింపవలెను. ఈస్టరు పండుగలోగా సేవలన్నియు పూర్తికావలెనని గడువు పెట్టి, పూర్తియైన చీటికి గుర్తు వేయుచుండవలెను. గడువు లేని వాగ్దానము గాలికి పోవును. వాగ్దానము తప్పిన చోట స్నేహమునకు బదులు నిష్ఠూరము మిగులును. జబ్బుచేసియో, పనులు ముగియకయో చేయలేకపోయినవారిని నిలదీయక, సంఘమే వేరొకరిచేత ఆ పని చేయింపవలెను.

మన సీమకు తగిన మరియొక మాట. కోనసీమ నుండి ఎందరో కువైటు, దుబాయి, మస్కటు వెళ్లి కష్టపడుచున్నారు. పండుగనాడు వారు దూరవాణిలో పాట పాడుట నేడు సులభము. అక్కడి కుమార్తె ఒక సేవను పాడుకొని, దానిని ఇచ్చటనున్న తన తల్లికి ఇప్పింపవచ్చును. ఆ ముసలితల్లిని ఆటోలో అమలాపురపు ఆసుపత్రికి తీసికొనిపోయి, చీటీ వ్రాయించి, మందులు కొని, ఇంటికి చేర్చు సేవకు వెల ఎంతని చెప్పగలము? సొమ్ము కువైటునుండి వచ్చును. కాని ఆమె చేయిపట్టి మెట్లు దింపువాడు ఈ యూరివాడే. ఆ దినమున అతడు కూలివాడు కాడు. ఆ యింటికి కొడుకువంటివాడు.

కోత లేని ఏడులును కలవని మరువరాదు. 1996 నవంబరు 6వ తేదీనాటి పెనుతుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగినవి. 2011 సార్వాలో, గిట్టుబాటు లేదని రైతులే పంట విరామము ప్రకటించి చేలను బీళ్లుగా వదలిరి. అట్టి ఏట ధాన్యపు బస్తా బలిపీఠము చేరదు. చేను గలవానికి పంట లేదు. కూలివానికి పని లేదు. కాని ఇరువురకును చేతులున్నవి. పడిన చెట్టును నరికి దారి తీయుటకును, ఎగిరిన కప్పును తిరిగి నేయుటకును ఆ చేతులే కావలెను. కోత కోల్పోయిన సంఘము కూడ చేతులు కోల్పోలేదని తెలిసికొన్న నాడు, కృతజ్ఞతా పండుగకు నిజమైన అర్థము కలుగును.

కనుక రాబోవు పండుగలో గుమ్మడికాయల ప్రక్కన ఒక చిన్న పళ్లెములో కొన్ని చీట్లను కూడ ఉంచుడని మా మనవి. పాట పెద్దది కాకపోయినను విచారము లేదు. ఇన్నేండ్లు వెనుక వరుసలో నిలిచినవాడు ఆ దినమున ముందుకు నడచివచ్చి, ధాన్యపు బస్తాల నడుమ తన చీటి నుంచి వెనుకకు మరలినచో, ఆ నడకయే ఆ పండుగకు హెచ్చుపాట.