ఇంటి చదువు - పిల్లల ఉత్సాహము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నేటి కార్యక్రమములో రోడ్లు, మంచినీరు, ఇంటిపన్ను మొదలగు విషయముల నడుమ పిల్లల ఇంటి చదువును గూర్చి మాటలాడుటకు మాకు కొంత సమయము ఇచ్చినారు. ఇంటిలోపలి సంగతి పంచాయతీకి ఏల యని కొందరికి తోచవచ్చును. రాజ్యాంగమునకు 73వ సవరణ ద్వారా చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 అంశములు గలవు. ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును వానిలో చేరియున్నవి. కావున ఇది మీ పనియే.

పిల్లలను బడికి పంపక పూర్తిగా ఇంటివద్దనే చదివించు కుటుంబములు పట్టణములలో కొన్ని గలవు. అట్టి పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన చదువు చదివి పరీక్షలు వ్రాయు ఏర్పాటున్నది. మన పల్లెలలో ఇట్టివారు అరుదు. మనకు ఇంటి చదువనగా ముఖ్యముగా వేసవి చదువు. ఏప్రిల్ చివరినుండి జూన్ రెండవ వారము వరకు, అనగా ఒకటిన్నర నెల, బడికి తాళముండును. ఆ కాలములో పిల్లవాని మనస్సుకు కూడ తాళము పడకుండ చూచుట ఎట్లు అన్నదే మేము చెప్పబోవు సంగతి.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు ఈ ప్రశ్న మనకందరకును ఎదురైనది. ఆ యేడు తెలంగాణలో సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠములు చెప్పినారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ద్వారా చెప్పినారు. అది మంచి పనియే. కాని పాఠము ఇంటికి వచ్చినంత మాత్రమున ఉత్సాహము దానివెంట రాదు. ప్రక్కన కూర్చుండి “ఈ పూట ఏమి చెప్పినారు? నాకు చెప్పుము” అని అడుగు మనిషి ఉన్న ఇంట పిల్లవాడు మరునాడు తానే పెట్టె ముందు కూర్చుండును. అడుగువారు లేనిచోట పాఠము ఒకవైపు, పిల్లవాడు ఒకవైపు.

చాలమంది తండ్రులు చేయునది వేరు. సెలవులలో ఇంటినే బడిగా మార్చవలెనని తలంతురు. ఉదయము కూర్చుండబెట్టి, కర్ర ప్రక్కన పెట్టుకొని, ఎక్కములు వల్లె వేయింతురు. “ఎదురింటి పిల్లవాడు చూడు, ఎంత బాగుగా చదువుచున్నాడో” అందురు. ఈ ఒక్క మాట చాలును, చదువుపై విసుగు పుట్టుటకు! 2009 విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. బడిలో తప్పైనది ఇంటిలో ఒప్పెట్లగును?

ఇక తల్లులు చెప్పు మాట ఒకటున్నది: “నాకు అక్షరము రాదు, నేనేమి నేర్పగలను?” అని. అమ్మలారా, మీ వాకిటిలోని ముగ్గును చూడుడు. ఏడు నుండి నాలుగు వరకు సందు చుక్కలు పెట్టుట మీకు పుట్టుకతో వచ్చిన విద్య. నడుమ వరుసలో ఏడు, దానికి ఇరువైపుల ఆరు, అయిదు, నాలుగు. మొత్తము చుక్కలెన్ని? పిల్లను ఒక్కొక్కటి లెక్కపెట్టనిండు, 37 అని చెప్పును. “లెక్కపెట్టకుండ చెప్పగలవా?” అని అడుగుడు. ఒక ప్రక్కనున్న ఆరు, అయిదు, నాలుగు కూడి, రెండింతలు చేసి, నడిమి ఏడు కలుపవచ్చునని రెండవ నాడో మూడవ నాడో తానే కనుగొనును. తొమ్మిది నుండి అయిదు వరకు పెట్టిన 61 వచ్చునని పరుగున వచ్చి చెప్పును. ఆ పరుగే మనకు కావలసినది. తల్లి చేసినదెల్ల ముగ్గు వేయుట, ప్రశ్న అడుగుట, జవాబు వచ్చువరకు ఓపికపట్టుట. ఓపికపట్టుటయే కష్టము, ఒప్పుకొందుము.

తండ్రికి పొలమున్నది. పిల్లలకు 33 అడుగుల త్రాడు ఇండు, అనగా 11 గజములు. దానితో నాలుగు ప్రక్కల కొలచి చదరము గీయుమనుడు. ఆ చదరము 121 చదరపు గజములు, సరిగా ఒక గుంట. అట్టివి 40 అయిన ఒక ఎకరము. ఆంధ్ర ప్రాంతమువారు ఎకరమును 100 సెంట్లుగా లెక్కింతురు గనుక గుంటకు రెండున్నర సెంట్లు. ఈ లెక్క పలకమీద చెప్పిన పిల్లవాడు ఆవులించును. గట్టుమీద నిలిచి చేసిన, మన మడి ఎన్ని గుంటలని సాయంకాలము వరకు వదలడు. పట్టాదారు పాసుపుస్తకములో వ్రాసినదానితో పోల్చి చూచెదననియు అనవచ్చును. అప్పుడు పుస్తకమును చేతికీయవలెను గాని “నీకెందుకురా” అనరాదు.

జూన్‌లో తొలకరి పడగానే నిలువు గోడలు గల డబ్బా నొకదానిని వాకిట పెట్టించుడు. నీరు స్కేలుతో కొలచిన 10 మిల్లీమీటర్లున్నచో, ప్రతి చదరపు మీటరు నేలమీద 10 లీటర్ల నీరు పడినట్లు. 20 చదరపు మీటర్ల వాకిటిలో 200 లీటర్లు పడినవన్నమాట. రోజుకొక అంకె తేదీవారీగా వ్రాసిన పిల్లవాడు గ్రామసభలో చదివి వినిపింపదగిన పట్టిక తయారు చేయగలడు.

చదువుటకు కొత్త పుస్తకమే కావలెనని లేదు. విత్తనముల సంచిపై అచ్చు, కరెంటు బిల్లు, బస్సు టికెట్టు, అన్నియు చదువదగినవే. అవ్వ చెప్పు కథను మనుమరాలు నోటుబుక్కులో వ్రాసి, తిరిగి అవ్వకే చదివి వినిపించుట మరియు మేలు. అవ్వ తప్పక తప్పులు దిద్దును.

పొలములో కొలత నేర్పుట వేరు, రోజంతయు పత్తి ఏరించుట వేరు. 2016లో సవరించిన చట్టము ప్రకారము 14 ఏండ్ల లోపు పిల్లలు బడి వేళల తరువాతను, సెలవులలోను ప్రమాదకరము కాని ఇంటి పనికి సాయపడవచ్చును గాని, ఇతరుల వద్ద పనికి పంపరాదు. ముఖ్యముగా ఆడపిల్లల సంగతి మీరు కనిపెట్టి యుండవలెను. మే నెలలో తమ్ముని ఎత్తుకొని, వంట చేసి, పుస్తకము ముట్టని పిల్ల జూన్‌లో తరగతిలో కూర్చుండి, మరచిపోయితినని సిగ్గుపడును. ఆ సిగ్గుతో రెండు దినములు మానును. అటుపిమ్మట ఇంటివారే “పోనిలే, ఇంట ఉండనిమ్ము” అందురు. బడి మానుట చాలసార్లు ఇట్లు చప్పుడు లేకుండ జరుగును.

పంచాయతీ చేయదగిన పని పెద్దది కాదు. గోడలమీద నినాదములు వ్రాయించుట మా వృత్తి. అయినను, నినాదమునకు పెట్టు రంగుడబ్బా ఖర్చుతో ఒక దీపము వేయించిన మేలని మేమే చెప్పుచున్నాము. ఊరిలో గ్రంథాలయమో, పంచాయతీ గదియో ఉన్నచో దాని తాళపుచెవి నమ్మకమైన ఒకరి కిచ్చి, సాయంకాలము ఒక గంట తెరిపించుడు. చాపలు పరచుడు. సెల్‌ఫోనులో పాఠము చూడదలచినవారు అందరితో కూర్చుండి చూడవచ్చును. పోటీలు పెట్టి మొదటివానికే బహుమానమిచ్చుట కంటె, ప్రతి పిల్లయు తాను కొలచినది, వ్రాసినది చూపించు ఒక సాయంకాలము ఏర్పరచుట మంచిది. జవాబు తెలియని ప్రశ్నలు ఒక నల్లబల్లమీద వ్రాసి ఉంచుడు. ఉపాధ్యాయుడో, పశువైద్యుడో, వ్యవసాయ ఉద్యోగియో ఊరికి వచ్చినప్పుడు పిల్లలే అడుగుదురు.

ఏప్రిల్‌లో బడి మూయకముందే ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని 6 నుండి 14 ఏండ్ల పిల్లల పేర్లు వ్రాసికొనవలెను. జూన్‌లో బడి తెరచిన మొదటి వారమున ఆ పట్టిక చేతబట్టుకొని బడికి వెళ్లి హాజరు పుస్తకముతో సరిచూడుడు. ఏ పేరు కానరాకున్న ఆ సాయంకాలమే ఆ యింటికి పొండు, వీలైనచో మహిళా సభ్యురాలిని వెంటబెట్టుకొని పొండు.